గోడ బయటి నీడ

ఆదివారం ఆబిడ్స్‌లో పాత పుస్తకాలు వెతుక్కునేవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. ఎండాకాలంలో పుస్తకాల కుప్పలు పొద్దున ఉన్నచోట మధ్యాహ్నం ఉండవు. మూసిన దుకాణాల సజ్జాల కింద నీడ ఎటు జరిగితే పుస్తకాలూ అటే జరుగుతాయి. సజ్జా లేకుండా పైనుంచి కిందిదాకా అద్దాలు బిగించిన భవనం ముందు కూర్చోవడం కష్టం. అక్కడ ఎండ నెత్తిన పడేది ఒకటి, అద్దం మీంచి మొహాన కొట్టేది ఇంకొకటి.

తిలక్ రోడ్డులో సారస్వత పరిషత్తు సభ ముగించుకుని, నాంపల్లిలో తెలుగు విశ్వవిద్యాలయం సభకు నడుచుకుంటూ వెళ్లిన రోజులు మాకు చాలానే ఉన్నాయి. దారి పొడుగునా పుస్తకాల గురించే మాట్లాడుకున్నాం. ఆ నడకకు నీడనిచ్చిన గోడల గురించి ఒక్క మాటా రాయలేదు. ఆ బాకీ ఈ సంచికలో కొంతైనా తీర్చుకోవాలని ఉంది.

ఆ దారికి దగ్గర్లోనే మొజంజాహి మార్కెట్ ఉంది. 1908 మూసీ వరదల తర్వాత నగరాన్ని బాగుచేయడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఆ బోర్డుకు అధ్యక్షుడిగా ఉన్న మొజం జా పేరే 1935లో ఈ మార్కెట్‌కు పెట్టారు. కట్టింది నల్లరాతితో. అది ఎక్కడినుంచో తెచ్చిన రాయి కాదు. హైదరాబాద్ నిలబడిందే సుమారు 250 కోట్ల ఏళ్లనాటి ఆ బండల మీద. దళసరి రాతిగోడ పగటి వేడిని మెల్లగా తాగుతుంది. ఆ వేడి లోపలికి చేరేసరికి పొద్దు వాలుతుంది. ఎత్తైన కప్పు కింద వేడిగాలి పైకి తేలి, మనిషి తలమీద బరువు దిగుతుంది. గడియారపు గోపురం ఉన్న మూల నుంచి రెండు వైపులా కొట్ల వరుసలు సాగుతాయి, నడుమ ఆరుబయట జాగ. పండ్లు, తమలపాకులు, అత్తరు, ఐస్‌క్రీం అమ్మేవాళ్లకు మే నెలలోనూ పని సాగాలన్న ఆలోచన ఆ కట్టడంలో కనిపిస్తుంది. అడ్డదిడ్డంగా పెరిగిన రేకుల చేర్పులు తీసేసి, మరమ్మతు చేసి, 2020 ఆగస్టులో దాన్ని మళ్లీ తెరిచినప్పుడు చాలామంది ఆ రాతిరంగును మొదటిసారి చూశారు.

రాయిని రాయితో కలిపింది సున్నం. సున్నపురాయిని భట్టీలో కాల్చి, నీళ్లతో చల్లార్చి, ఇసుక చేర్చి గానుగలో ఆడించేవారు. ఎద్దు తిరుగుతుంటే రాతిచక్రం దాన్ని వెన్నలా నూరేది. అందులో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసేవారు. ఎంత నూరాలో, ఎన్నాళ్లు నాననివ్వాలో మేస్త్రీ చేతివేళ్లకు తెలుసు. సిమెంటు కోసం రాయిని సుమారు 1,450 డిగ్రీల దాకా కాల్చాలి. ప్రపంచమంతటా మనుషుల పనుల వల్ల వెలువడే బొగ్గుపులుసు వాయువులో 7, 8 శాతం సిమెంటు నుంచే వస్తోంది. సున్నపు భట్టీ నుంచీ ఆ వాయువు వస్తుంది, కాదనం. కాని సున్నానికి 900 డిగ్రీల వేడి చాలు, పైగా గోడకెక్కి గట్టిపడేటప్పుడు అది ఆ వాయువును కొంత తిరిగి పీల్చుకుంటుంది. తడిని లోపల బిగబట్టదు. పాత సున్నపు గోడకు సిమెంటు పూత పూస్తే ఆ తడి బయటికి దారిలేక గోడనే తింటుంది. మంచి ఉద్దేశంతో చేసిన ఇలాంటి మరమ్మతుల వల్లే పాడైన ఇళ్లు సుల్తాన్‌బజార్ సందుల్లో కనిపిస్తే మనసు చివుక్కుమంటుంది.

పాతదంతా బంగారమని మేం చెప్పడం లేదు. నవాబుల దేవిడీల చల్లదనం ఎత్తైన ప్రహరీల లోపలే ఉండిపోయింది. బండలు కొట్టిన వడ్డెరలు గుడిసెల్లో పడుకున్నారు. ఇవాళ కూడా మల్లేపల్లి వైపు బస్తీల్లో రేకుల కప్పు కింద ఉన్నవాళ్లకు రాత్రి పదింటికి కూడా నిద్ర పట్టదు. పర్యావరణానికి అనుకూలమైన కట్టడం అన్న మాటకు విలువ రావాలంటే అది ముందుగా ఆ రేకు దగ్గరికి చేరాలి. తెలంగాణ ప్రభుత్వం 2023 నుంచి 2028 దాకా అమలయ్యేలా చల్లని కప్పుల విధానం తెచ్చింది. కప్పుకు తెల్లటి పూత వేస్తే ఎండ తిరిగి ఆకాశంలోకే పోతుందన్నది అందులోని సూత్రం. మిద్దెకు సున్నం కొట్టే మన పాత అలవాటుకు అది బంధువే. ఆ పూత పెద్ద భవనాల దగ్గరే ఆగిపోకూడదు.

ఆఫ్రికాలో బుర్కినా ఫాసోకు చెందిన ఫ్రాన్సిస్ కెరే తన సొంతూరు గాండోలో కట్టిన బడి 2001లో పూర్తయింది. ఆయన రేకును వద్దనలేదు. మట్టి ఇటుకల కప్పు వేసి, దానిమీద రేకును ఎత్తి నిలబెట్టి, రెంటి మధ్య గాలి పారనిచ్చాడు. ఊరివాళ్లే ఇటుకలు పోశారు, ఆడవాళ్లు నేలను దిమ్మిస కొట్టారు. 2022లో ఆయనకు ప్రిట్జ్‌కర్ పురస్కారం వచ్చింది. మన బస్తీ రేకుకూ మంచానికీ మధ్య ఇలాంటి ఒక పొర ఎందుకు ఉండకూడదు? మాదాపూర్ వైపు 2004లో ప్రారంభమైన సిఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనంలో జాలీ గోడలున్నాయి, కప్పు మీద గడ్డి ఉంది. ఆ జాలీ గొప్ప కార్యాలయాల దగ్గరే ఎందుకు ఆగాలి?

మాకు ఒక కోరిక ఉంది. ఇంటికి అనుమతి ఇచ్చేటప్పుడు బండ్లకు జాగ ఎంత అని అడిగినట్టే, ముందు నడిచిపోయేవాడికి నీడ ఎంత అని కూడా అడగాలి. ఇంటి ముందరి అరుగు దారినపోయేవాళ్లది కూడా. ప్రహరీ వీధి అంచుదాకా జరిగినప్పుడు అరుగు పోయింది, దానితోపాటు ఆ మాటా పోతోంది. రోషన్‌దాన్, మొగరం, గూనపెంకు, గచ్చు, డంగుసున్నం: వీటి అర్థాల కోసం నిఘంటువు తెరవాల్సివచ్చే పాఠకులు పెరుగుతున్నారు.

అందుకే వచ్చే సంచిక నుంచి ఒక పేజీ కేటాయిస్తున్నాం. మీ ఊళ్లో ఇల్లు కట్టే మేస్త్రీలు, వడ్రంగులు, బండలు పరిచేవాళ్లు వాడే మాటలు, అవి ఏ పనికి పుట్టాయో రాసి పంపండి. గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చి, వానలో నిలబడ్డవాడి తల తడవకుండా కాపాడే ఆ రాతిపలకను మీవైపు ఏమంటారు?