జాలి చాలదు, తోడు రావలెను

అమెరికా దేశమున కాన్సస్ రాష్ట్రములోని విచిటా నగరమునందు 1981వ సంవత్సరమున అక్కడి పోలీసు అధిపతి రిచర్డ్ లామన్యన్ ఒక పరుగునకు నాంది పలికెను. పోలీసు ఉద్యోగులు దివిటీ చేతబూని, ఒకరి నుండి ఒకరు అందుకొనుచు, స్పెషల్ ఒలింపిక్స్ కొరకు పరుగిడిరి. 1983లో పోలీసు అధిపతుల అంతర్జాతీయ సంఘము దీనిని ఆదరించెను. నేడిది అనేక దేశములకు వ్యాపించినది. పరుగు పేరిట చందాలు ప్రోగగును. ఆ సొమ్ము బుద్ధివికాసమున వెనుకబడిన క్రీడాకారుల శిక్షణకును పోటీలకును వినియోగపడును.

దొంగలను పట్టవలసిన పోలీసులకు ఈ పరుగులేల, ఇది వట్టి ఆర్భాటము కాదా అని మనలో కొందరందురు. ఈ మాటను మేము అంగీకరింపజాలము. మాట సరిగా రాని యువకుడొకడు వీధిలో దారి తప్పెననుకొందము. వానిని త్రాగుబోతని తలచి పోలీసు లాఠీ ఎత్తవచ్చును. చేయి పట్టుకొని ఇల్లు చేర్చనూవచ్చును. అట్టివారితో ఒక్క దినమైన కలిసి నడచిన పోలీసు లాఠీ ఎత్తుటకు ముందు ఒక్క క్షణమైన ఆలోచించును. మన దేశమున 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము కూడ పోలీసులపై బాధ్యత నుంచినది. దివ్యాంగులపై హింస జరిగినదని ఫిర్యాదు వచ్చినచో, వారికి గల రక్షణలను, ఉచిత న్యాయ సహాయపు హక్కును పోలీసు అధికారి వారికి తెలుపవలెనని దాని 7వ సెక్షను విధించుచున్నది. కావున ఈ పరుగు పోలీసు విధికి వెలుపలిది కానేకాదు.

ఈ పరుగున మనము నేర్వదగినది మరియొకటి కలదు. దివిటీ పట్టువారిలో ఆ క్రీడాకారులును ఉందురు. బలిష్ఠులైన పోలీసులు తమ వేగము తగ్గించుకొని వారి ప్రక్కనే సాగుదురు. దానము చేయువారు దూరమున నిలువక, ఎవరికై చేయుచున్నారో వారి చెంతనే చెమటోడ్చుదురు.

ఇక మన దానధర్మముల తీరు చూతము. తెలుగు వర్తక కుటుంబములకు ధర్మఖాతా క్రొత్త కాదు. మన పెద్దలు సత్రములు కట్టించిరి, అన్నదానములు గావించిరి. నేడు మనము పండుగనాడు ప్రత్యేక పాఠశాలకు పోయి, పండ్లు పంచి, ఫోటో తీయించుకొని తిరిగివచ్చుచున్నాము. మరునాటికి ఆ పిల్లలలో ఒక్కరి పేరైనను మనకు జ్ఞాపకముండదు. అంతకన్న దుఃఖకరమైనది వేరొకటి: అట్టి బిడ్డ మన ఇంటనే యున్నచో, చుట్టములు రాగానే లోపలి గదికి పంపుచున్నాము. అక్కకు వచ్చిన సంబంధము తప్పిపోవునని భయము. ఊరివారికి పండ్లు పంచిన చేతితోనే మన బిడ్డకు తలుపు మూయుట ఏపాటి ధర్మము?

వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమునకు చెందిన జీవాంజి దీప్తి కూలి చేసుకొను తల్లిదండ్రుల బిడ్డ. బాల్యమున ఊరివారి ఎగతాళి భరించినది. ఆమెయే 2024 మే నెలలో జపానులోని కోబె నగరమున 400 మీటర్ల పరుగును 55.07 సెకండ్లలో ముగించి, అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పినది. ఆ యేడే పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్య పతకము గెలిచినది. పతకము వచ్చిన పిమ్మట మా తెలుగుబిడ్డ యని చెప్పుకొనుటకు మనమందరము ముందుంటిమి. పతకము రాని బిడ్డల మాటేమి?

స్పెషల్ ఒలింపిక్స్ ఈ ప్రశ్నకే జవాబు. పారాలింపిక్స్ వేరు, ఇది వేరు. 1968 జూలైలో చికాగో నగరమున యూనిస్ కెన్నెడీ ష్రైవర్ ఆధ్వర్యమున దీని తొలి పోటీలు జరిగినవి. ఎనిమిదేండ్లు నిండిన వారెవరైనను పాల్గొనవచ్చును. క్రీడాకారుల నుండి రుసుము గైకొనరు. దాదాపు సమాన సామర్థ్యము గలవారిని ఒక వర్గముగ చేర్చి పోటీ పెట్టుదురు గనుక మందగమనముగల బిడ్డకును గెలుపు సాధ్యమే. 2023లో బెర్లిన్ నగరమున జరిగిన పోటీలలో భారత క్రీడాకారులు 76 స్వర్ణములతో సహా 202 పతకములు తెచ్చిరి.

మన సంఘము ఏమి చేయవలెను? మన వార్షిక క్రీడోత్సవములలో ఈ బిడ్డలకు చోటే లేదు. మన యువకులను, వీరిని ఒకే జట్టుగ ఆడించు పద్ధతి స్పెషల్ ఒలింపిక్స్‌లోనే కలదు. దానిని మనమును అవలంబింపవచ్చును. మరియు భాష మాట. అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభింపవలెనని రాజ్యాంగమున 350-ఏ అధికరణము 1956లో చేర్చబడినది. దానికై ఎన్ని వినతిపత్రములు వ్రాసితిమి! ఇంట తెలుగు మాత్రమే తెలిసి, బడిలో కన్నడమో తమిళమో వినుచు దిక్కుతోచక కూర్చున్న ఈ బిడ్డ మాట అందులో ఒక్కదానిలోనైన వ్రాసితిమా? పరుగు ఎప్పుడు మొదలిడవలెనో, ఎచ్చట ఆగవలెనో తన భాషలో చెప్పువాడు మైదానమున ప్రక్కన నిలిచిన, ఆ బిడ్డ పరుగిడును. ఆ పని మనము గాక మరెవరు చేయుదురు?

చందా పుస్తకము పట్టుకొని మేము మీ గుమ్మము తొక్కుట లేదు. రానున్న క్రీడోత్సవమునకు మీ ఇంటి లోపలి గదిలోనున్న బిడ్డను వెంటబెట్టుకొని రండు. అట్టి బిడ్డ మీ ఇంట లేనిచో, ప్రక్కన పరుగిడుటకు మీరే రండు.