ముగ్గురం కలిస్తే ఒక జట్టు

కారాలు పట్టించడం, ఊరగాయ జాడీలకు వాసెన కట్టడం అయిపోయాయి కదా! ఈ వారం వంటింటి కబుర్లు కాసేపు పక్కన పెట్టి, మన ఒంటి సంగతి మాట్లాడుకుందాం.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి సంక్రాంతికి వచ్చినప్పుడు, "అమ్మా, నేను ట్రయథ్లాన్ నేర్చుకుంటున్నా" అంది. "అదేం వంటకమే?" అన్నాను. పడీపడీ నవ్వి, విడమరిచి చెప్పింది. ముందు ఈత, గట్టెక్కగానే సైకిలు, సైకిలు దిగగానే పరుగు. మధ్యలో బూట్లు మార్చుకునే టైము కూడా లెక్కలోకే వస్తుందట! ఇందులో చిన్న పోటీ పేరు స్ప్రింట్. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. మన లెక్కలో చెప్పాలంటే, 25 మీటర్ల కొలనులో ఈ చివర నుంచి ఆ చివరకు 30 సార్లు ఈదాలి. ఆ తర్వాత దాదాపు చిలకలూరిపేట నుంచి నరసరావుపేట అంత దూరం సైకిలు తొక్కాలి. అప్పుడు పరుగు!

ఈ ఆట 1974లో అమెరికాలోని శాన్ డియాగోలో పుట్టింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొదటిసారి చేరింది, ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకేసారి. మన కరణం మల్లీశ్వరి కాంస్య పతకం తెచ్చింది ఆ ఒలింపిక్స్‌లోనే. మల్లీశ్వరి మనకు గుర్తుంది గానీ, ఈ ఆట సంగతి మనకెవరు చెప్పారు?

"నలభై ఆరేళ్ళ మీకెందుకమ్మా ఈ గోల" అంటారేమో. నాకు షుగరు గీత దగ్గరకొచ్చింది. డాక్టరుగారు నడవమన్నారు. మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లు మానేశాను. ఓసారి కుక్కలు, ఓసారి చుట్టాలు, ఓసారి ఉత్త బద్ధకం. మా అమ్మాయి మాత్రం, "బద్ధకం కాదమ్మా, నీకు తోడు లేదు" అంది. తనూ మొదట ఒంటరిగా పరుగెత్తి మానేసిందట. 2007లో మొదలైన హైదరాబాద్ రన్నర్స్ అనే సంఘం ఉంది. అసలు అలవాటే లేనివాళ్ళను కూడా మెల్లగా అయిదు కిలోమీటర్ల పరుగు దాకా తీసుకెళతారు. అక్కడ పరిచయమైన వాళ్ళతోనే సైకిలు, ఈత మొదలయ్యాయట.

మన ఊళ్ళో అలాంటి సంఘం నాకు కనబడలేదు. అందుకని పక్కింటి వదినను అడిగాను. ఆవిడ రోజూ గుడి దాకా గబగబా నడిచే మనిషి. ఎదురింటి టీచరుగారిని అడిగాను. ఆవిడ ఇంటర్ దాకా సైకిలు మీదే కాలేజీకి వెళ్ళిందట, పెళ్ళయ్యాక ముట్టుకోలేదు. ఇద్దరూ సరేనన్నారు. అప్పుడు మా అమ్మాయి అసలు సంగతి చెప్పింది. చాలా పోటీల్లో రిలే ఉంటుంది. ఒకరు ఈదితే, ఒకరు తొక్కితే, ఒకరు పరుగెత్తితే చాలు. సైకిలు టీచరుగారికి, పరుగు వదినకు. మిగిలింది ఈత. అది నా నెత్తిన పడింది.

అక్కడే నాకు గుండె ఆగింది. నా ఎనిమిదో ఏట మా పెదనాన్న కొడుకు సాగర్ కాలువలో ఈతకు దిగి మళ్ళీ రాలేదు. ఆ రోజు నుంచి మా అమ్మ నన్ను నీళ్ళ దగ్గరకు పోనిచ్చేది కాదు. ఇన్నేళ్ళొచ్చినా పుష్కరాలకు వెళితే మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకునేదాన్నే. హైదరాబాద్‌లో ఉండే గోలి శ్యామల గారు నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021లో, 47వ ఏట, శ్రీలంక నుంచి మన ధనుష్కోడి దాకా సుమారు 30 కిలోమీటర్ల సముద్రం ఈదారని చదివాను. ఆవిడ సముద్రమే ఈదితే, నేను కొలనులో కాలు పెట్టలేనా?

మొదట వెళ్ళిన చోట ఆడవాళ్ళకు విడిగా టైము లేదన్నారు. రెండో చోట అయిదుగురం కలిసి అడిగాం. పొద్దున ఓ గంట ఇచ్చారు. ఒక్కదాన్నే అడిగితే ఇచ్చేవారా? ఒళ్ళంతా కప్పే ఈత దుస్తులు దొరుకుతాయి, ఆ బెంగ వద్దు. మొదటి రోజు గోడ పట్టుకుని ఏడ్చాను. రెండు నెలలకు ఆ చివర గోడ ముట్టుకున్నాను. ఇంకా 29 సార్లు బాకీ!

"ఏందమ్మా ఈ చోద్యం" అన్న మా అత్తయ్యగారే ఇప్పుడు నాలుగున్నరకు నన్ను లేపుతున్నారు. మావారు కాఫీ కలుపుకోవడం నేర్చుకున్నారు.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే కొన్ని మాటలు:

ముందు డాక్టరుకు చూపించుకోండి. షుగరు మందులు వాడేవాళ్ళు దగ్గర బెల్లం ముక్కో గ్లూకోజో ఉంచుకోండి, వ్యాయామంలో షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు.

కాలువలో, చెరువులో, బావిలో ఈత నేర్చుకోవద్దు. నేర్పేవాళ్ళున్న కొలనులోనే దిగండి. పోటీలో ఈ రకం ఈతే ఈదాలన్న నియమం లేదు. అలిసిపోతే వెల్లకిలా తేలి, ఊపిరి తీసుకుని సాగొచ్చు.

సైకిలుకు హెల్మెట్ తప్పనిసరి. మిరప సీజనులో యార్డుకు వెళ్ళే లారీలుంటాయి, పెద్ద రోడ్డు ఎక్కకండి. సైకిలు దిగి పరుగెత్తితే కాళ్ళు మనవి కావనిపిస్తుంది. వారానికోసారి రెండూ వెంటవెంటనే చేస్తే అలవాటవుతుంది.

మన ఎండలకు ఏడు లోపల ఇల్లు చేరాలి. రాగానే ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ తాగండి.

మేమింకా ఏ పోటీకీ వెళ్ళలేదు. వెళ్ళినా ఆఖరున వస్తామని తెలుసు. అయినా నాలుగు నెలలుగా నేను మానలేదు. గేటు దగ్గర ఇద్దరు ఎదురు చూస్తుంటే దుప్పటి ముసుగు పెట్టడం ఎవరి తరం? బూట్లు, సైకిలు తర్వాత కొనుక్కోవచ్చు. ముందు మీ వీధిలో ఇద్దరిని అడగండి. ఏమంటారు?