బొమ్మల్లో గుర్రాలు, కాగితాల్లో స్త్రీలు

యుగోస్లావియా బడిపిల్లల చరిత్ర పుస్తకాల్లో స్త్రీల బొమ్మల కంటే గుర్రాల బొమ్మలే ఎక్కువ. క్రొయేషియా స్త్రీవాద చరిత్రకారిణి లిడియా స్క్లెవిట్స్కీ తేల్చిన లెక్క ఇది. 1989లో ఒక వ్యాసానికి ఆమె ఈ మాటనే శీర్షికగా పెట్టారు. విన్నవాళ్లు నవ్వుకోవచ్చు. కానీ ఆ లెక్క వెనక ఉన్న ప్రశ్న మనందరిదీ.

1952లో పుట్టిన లిడియా జాగ్రెబ్‌లో సోషియాలజీ, ఎత్నాలజీ చదివారు. 1979లో అక్కడి సోషియాలజిస్టుల సంఘంలో ఏర్పడిన ‘స్త్రీ - సమాజం’ బృందంలో పనిచేశారు. సోషలిజంలో స్త్రీల సమస్య తీరిపోయిందని ప్రభుత్వం చెప్పుకుంటున్న రోజులవి. నిజంగా తీరిందా అని అడగడానికి ఆమె చరిత్రలోకి వెళ్లారు.

ఫాసిస్టు ఆక్రమణపై పోరాటం సాగుతుండగా, 1942 డిసెంబరులో బోస్నియాలో ఫాసిస్టు వ్యతిరేక మహిళా ఫ్రంట్ ఏర్పడింది. అందులోని స్త్రీలు గాయపడినవాళ్లను చూసుకున్నారు, పోరాడేవాళ్లకు తిండీ బట్టా చేరవేశారు, చదువు రానివాళ్లకు అక్షరాలు నేర్పారు. 1945లో స్త్రీలకు ఓటుహక్కు వచ్చింది. 1946 రాజ్యాంగం సమానత్వాన్ని గుర్తించింది. 1953లో ఫ్రంటే రద్దయింది.

ఈ కథను పొగడ్తతో ముగించడం సులభం. లిడియా ఆ పని చేయలేదు. ఫ్రంట్ పత్రాలు చదివి, మొదట్లో దానికున్న స్వతంత్రత పార్టీ అదుపులో ఎలా తరిగిపోయిందో చూపించారు. ఇలాంటి విమర్శ పోరాటాన్ని కించపరుస్తుందనే వాదన మనకూ కొత్త కాదు. నేను దాన్ని ఒప్పుకోను. ఆ స్త్రీలు ఏం సాధించారో, ఏం పోగొట్టుకున్నారో రెండూ చెప్పడమే వాళ్లకిచ్చే గౌరవం. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటలతో 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ కూడా అదే పని చేసింది.

1990 జనవరిలో లిడియా కారు ప్రమాదంలో చనిపోయారు. అప్పటికి ఆమె వయసు 37. మరుసటి ఏడాదే యుగోస్లావియా విడిపోవడం, యుద్ధం మొదలయ్యాయి. ఆమె రచనలను జాగ్రెబ్ స్త్రీలు 1996లో ‘గుర్రాలు, స్త్రీలు, యుద్ధాలు’ పేరుతో పుస్తకంగా తెచ్చారు. స్నేహితులు పట్టించుకున్నారు కనకనే ఆ పని మిగిలింది.

ఆమె దగ్గర నేను నేర్చుకున్నది ఇది: హక్కు చట్టంలోకి ఎక్కడం ఒకటి, ఆ హక్కు తెచ్చిన సంఘం తన కాళ్లమీద నిలబడటం మరొకటి. మొదటిది వచ్చాక రెండోది జారిపోతుంటే గుర్తుపట్టాలంటే మన కాగితాలు మన దగ్గరుండాలి. నిధులిచ్చేవాళ్లకు పంపే రిపోర్టుల్లో సాధించినవే ఉంటాయి. మనం దేనిమీద వాదించుకున్నామో, ఎవరి ఒత్తిడికి తలొగ్గామో మినిట్స్ పుస్తకాల్లోనే దొరుకుతుంది. వాటిని చెదలకు వదిలేస్తే, రేపు మన చరిత్ర రాసేవాళ్లకు మళ్లీ గుర్రాలే కనిపిస్తాయి.