పల్లెకు వైద్యుడు నిలుచుటెట్లు?

పల్లెటూరి ఆసుపత్రిలో సమర్థుడైన వైద్యుడు నిలుచుటలేదని జనులు వాపోవుట క్రొత్తగాదు. వచ్చినవారు బదిలీకై యత్నించుటయు, ఆ స్థానము ఖాళీపడుటయు, రోగులు పట్టణముదారి పట్టుటయు నెల్లరు నెఱిగినదే. యువవైద్యుల స్వార్థమే దీనికి కారణమని నిందించుట సులభము. కాని నిందకు వెఱచి యే వైద్యుడును పల్లెకు రాడు. అతడేల నిలువడో విచారింపవలసియున్నది.

నీరు పల్లమెఱుగునందురు. విద్యయు నట్లే సౌకర్యమున్న దిక్కునకు పోవును. నంద్యాల జిల్లా పగిడ్యాల మండలమునందలి ముచ్చుమర్రివద్ద 2017 నుండి శ్రీశైలము జలాశయపు నీటిని యంత్రములతో నెత్తి కాలువకు మళ్లించుచున్నారు. ఆ నీటిని మందలించి మీదికి రప్పించినవారు లేరు. ధనమును విద్యుత్తును వెచ్చించి యెత్తిరి. పైరునకు పనికివచ్చిన యీ వివేకము ప్రాణరక్షణకు పనికిరాదా? కర్నూలునందు 1957 నుండి వైద్యకళాశాల కలదు. నంద్యాలలో 2023 సంవత్సరమున 150 సీట్లతో మఱియొకటి ప్రారంభమైనది. చదువు మన చెంతనే జరుగుచున్నది. చదివినవారు మాత్రము మన చెంత నిలుచుటలేదు.

ముందు వసతిసంగతి చూతము. 2022 నాటి వేతనసవరణలో రాష్ట్రోద్యోగుల ఇంటియద్దె భత్యమును జనాభాననుసరించి నిర్ణయించిరి. ఏబదివేలకు లోపడిన యూళ్లలో మూలవేతనముపై నూటికి 10. రెండులక్షలు మించిన నగరములందు నూటికి 16. నగరమున అద్దెలు హెచ్చు గనుక ఈ లెక్క న్యాయముగనే తోచును. కాని పల్లెలో వాసయోగ్యమగు ఇల్లే దొరకనప్పుడు వైద్యుడు కుటుంబమును పట్టణమున నుంచి తాను దినదినము ప్రయాణము చేయును. అద్దె పట్టణముది, భత్యము పల్లెది! ఇక రాత్రివేళ పాము కఱచినవానికిని, నొప్పులు పడు స్త్రీకిని దిక్కెవ్వరు? భత్యమును పెంచుటకంటె ఆసుపత్రి ప్రక్కనే మంచి యింటిని కట్టించుట మేలు. స్త్రీవైద్యులకు రాత్రికాపలా యుండవలెను. సెలవు పెట్టినప్పుడు బదులు పనిచేయువారును ఉండవలెను.

వసతికంటె ముఖ్యమైనది భవిష్యత్తు. ప్రభుత్వ సేవలోనున్న వైద్యులకు పై చదువుల సీట్లలో కొంతభాగము ప్రత్యేకించుటకు రాష్ట్రములకు అధికారము కలదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మన రాష్ట్రమున క్లినికల్ శాఖలలో నూటికి 30 గానున్న యీ కోటాను 2024 జూలైలో 15 కు తగ్గించిరి. వైద్యులు ఆందోళనకు దిగిన పిమ్మట 20 కి పెంచిరి. 2025లో వారు మరల సమ్మె చేయవలసివచ్చినది. సీట్లు పరిమితములనియు, ఒకరికి హెచ్చించిన వేఱొకరికి తగ్గుననియు చెప్పు వాదము త్రోసివేయదగినది కాదు. కాని లెక్క యెంతయైనను, అది నిలుకడగా నుండవలెను. పల్లెలో కొన్నియేండ్లు పనిచేసినచో పై చదువు లభించునను ఆశతో చేరినవానికి నడుమ నియమము మార్చినచో, అతని వెనుక రాదలచినవారు కూడ వెనుదీయుదురు. ఉద్యోగమున చేరిననాటి నియమమే అతనికి కడవఱకు వర్తింపవలెను. ఇందులకు బొక్కసమునుండి క్రొత్తగా రూపాయియైనను వెచ్చింపబనిలేదు. ఆడినమాట నిలుపుకొన్న చాలును.

తప్పంతయు ప్రభుత్వముపై మోపి మనము తప్పించుకొనరాదు. అద్దెయిల్లు అడుగవచ్చిన డాక్టరును, నర్సును ముందుగా కులమడుగువారు మన యూళ్లలో నింకను గలరు. రోగి మరణించినప్పుడు నిజానిజములు విచారింపక వైద్యునిపైకి దుముకుటయు కలదు. వైద్యులపై దౌర్జన్యమును శిక్షించుటకు 2008లోనే చట్టము వచ్చినది. అయినను అట్టి వేళ పోలీసులు వచ్చులోపల అక్కడ నుండువారు ఊరిపెద్దలే. ఖాళీయింటి తాళము వారిచేతనే యున్నది. గుంపును వారింపగల మాటయు వారిదే.

ఆసుపత్రికి భవనము కట్టి బల్లపై పేరు వ్రాసినంతమాత్రమున వైద్యము లభింపదు. ఇల్లును, భద్రతయు, మాఱని మాటయు దొరకినచోట చదువుకొన్నవాడు నిలుచును. మొదటి మూడవదియు ప్రభుత్వమువారు చేయవలసినవి. రెండవదానిలో సగము మన చేతిలోనే యున్నది. వారి ఉత్తరువులకై ఎదురుచూడక, మన పాలిటి పనిని మనము ముందు చేయుదుము గాక.