రహదారి మిట్టలు – చోదకుని చూపు

రహదారిపై ప్రమాదము జరిగినప్పుడెల్ల మనము మొదట నిందించునది చోదకునే. అతివేగమనియు, అజాగ్రత్త అనియు తీర్పు చెప్పి ఊరకుందుము. ఆ నింద చాలచోట్ల న్యాయమే కావచ్చును. కాని మిట్టకు ఆవల ఏమున్నదో కనబడనిచోట ఎంతటి జాగరూకుడైనను చేయగలిగినది స్వల్పము. అట్టిచోట బాధ్యత చోదకునికంటె ముందు రోడ్డును రూపొందించినవారిదే అని మా అభిప్రాయము.

ఎక్కుడు వాలు, దిగుడు వాలు కలియుచోట రోడ్డును కోణముగా విడువక పరావలయాకారమున వంచుదురు. దీనినే నిలువు వక్రమందురు. దాని పొడవు కంటికి ఇంపు కొరకు గాక, చోదకుని చూపునుబట్టి నిర్ణయింపవలసినది. 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ప్రమాణమున చోదకుని కన్ను రోడ్డుకు 1.2 మీటర్ల ఎత్తున ఉండును. 15 సెంటీమీటర్ల ఎత్తుగల అడ్డంకి అతనికి సకాలమున కనబడవలెను. చెడిపోయిన లారీ చక్రమునకు ఊతగా పెట్టి, పోవునప్పుడు నడిరోడ్డున విడిచిపోవు రాయి ఇంచుమించు అంతయే ఉండును.

అపాయమును గుర్తించి బ్రేకు తొక్కుటకు 2.5 సెకన్లు లెక్కింతురు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున బండి ఆలోపల సుమారు 55 మీటర్లు సాగిపోవును. బ్రేకు పట్టి నిలుచు దూరమును కలిపి 120 మీటర్ల చూపు కావలెనని ప్రమాణము. 100 కిలోమీటర్ల వేగమునకు అది 180 మీటర్లు.

నూటికి 3 వంతున ఎక్కి, అదే వాలున దిగు మిట్టను తీసికొందము. మొదటి వేగమునకు సుమారు 196 మీటర్ల వక్రము చాలును. రెండవదానికి సుమారు 442 మీటర్లు కావలెను. వేగము నాల్గవ వంతు పెరిగినంతనే పొడవు రెట్టింపును దాటినది! ముందు బండిని దాటిపోవుటకైతే 80 కిలోమీటర్ల వేగమునకే 470 మీటర్ల చూపు, దాదాపు 1,380 మీటర్ల వక్రము అవసరము. ఇంత తవ్వకము ప్రతిచోట సాధ్యము కాదు గనుకనే మిట్టపై తెంపులేని గీత గీసి దాటుటను నిషేధింతురు. ఆ గీత అలంకారము కాదు. పల్లమున పగలు ఇబ్బంది లేదు గాని, రాత్రివేళ హెడ్‌లైటు వెలుగు ఎదుటి ఎత్తుకు తగిలి ఆగిపోవును. అచ్చట వెలుగు పారు దూరమే చోదకుని చూపు.

ఖర్చు అధికమని కొందరు ఆక్షేపింతురు. దక్కను పీఠభూమి వంటి మిట్టపల్లముల నేలలో రాతిని తొలుచుట సులభము కాదన్నది నిజమే. అయితే మిట్టను తగ్గింపలేనిచోట వేగమునైనను తగ్గింపవలెను గదా! పాతరోడ్డు మిట్టను అట్లే ఉంచి, వెడల్పు చేసి నున్నగా తారు పోసినచో బండ్ల వేగము హెచ్చును. చూపు మాత్రము హెచ్చదు. ఇది మేలు పేరిట చేయు కీడు.

సాంకేతిక విద్య నభ్యసించు మిత్రులు ఈ సూత్రములను పరీక్ష కొరకు వల్లించి మరువరాదు. కళాశాల సంఘమువారు ఏటేట ఒక దినము విద్యార్థులను రద్దీలేని ఒక మిట్టకు కొనిపోయి, చోదకుని కంటి ఎత్తునుండి చిన్న రాయి ఎంత దూరమున కనబడునో టేపుతో కొలిపింపవలెనని కోరుచున్నాము. ఆ కొలతను స్వయముగా చూచిన విద్యార్థి రేపు ఇంజనీరై కాగితముపై వక్రమును గీయునప్పుడు, దానిపై పయనించు మనుష్యులను మరువడు.