క్రొత్త రూపము మూలమునకు సమాధి కారాదు

టోక్యో నగరమునందలి అకిహాబారా వీథులలో, పాత వీడియో గేములు అమ్మెడి అంగళ్లలో, ముప్పది నలువది యేండ్ల క్రిందటి క్యాసెట్లను చేతిలోనికి తీసికొని, వాటి అట్టలను, మరలను, లోహపు పళ్లను పరికించి చూచి, తమ బాల్యమునాటి ఆటను కొనుక్కొని పోవువారు నేటికిని కనబడుచుందురు. అదే కాలమున, ఆ ఆటలనే నేటి యంత్రములకు తగినట్లు పునాదినుండి మరల నిర్మించి, నూతన వర్ణములతో, నూతన సంగీతముతో, క్రొత్త సరకుగా విక్రయించు రీమేకుల వ్యాపారము పెద్ద సంస్థల నెన్నింటినో ఆకర్షించినది. బాల్యమును మరల దర్శింపగోరువానికి ఈ రెండును త్రోవలే. ఇందులో ఏది మేలని కలహించుట వ్యర్థము. నేను చెప్పదలచినది వేరు. క్రొత్త త్రోవ వేయువారు పాత త్రోవను మూసివేయరాదు. రీమేక్ వెలువడిన దినమున మూలము అంగడినుండి మాయమగుట, ఎంతటి వ్యాపార ప్రయోజనము చెప్పినను, సంస్కృతికి అపచారము.

క్యాసెట్ అని మనము పిలిచెడి ఆ చిన్న పెట్టెకు గౌరవింపదగిన చరిత్ర కలదు. 1976లో అమెరికాలో వెలువడిన ఫెయిర్‌చైల్డ్ ఛానెల్ ఎఫ్ అను యంత్రము, జెర్రీ లాసన్ అను నల్లజాతి ఇంజనీరు నాయకత్వమున, ఆటను యంత్రమునుండి వేరుచేసి, ఇచ్ఛానుసారముగా తొడిగి తీయదగిన పెట్టెలో అమర్చినది. 1983లో జపానునందు నింటెండో సంస్థ ఫ్యామికామ్ అను యంత్రమును విడుదల చేయగా, 1985లో షిగేరు మియామోటో, తకాషి తెజుకా మున్నగువారి కృషిచే ‘సూపర్ మారియో బ్రదర్స్’ జన్మించినది. ఆ ఆట యావత్తును నలువది కిలోబైట్లలో ఇమిడినది. నేడు మన ఫోనుతో తీసెడి ఒక్క ఛాయాచిత్రము అంతకు అనేక రెట్లు స్థలమును ఆక్రమించును. ఆ ఇరుకులో పనిచేసినవారు ఆకాశమునందలి మేఘమునకును, నేలమీది పొదకును ఒకే బొమ్మను వాడి, రంగును మాత్రము మార్చి, చూచువానికి రెండును వేర్వేరని తోపజేసిరి. వ్రేళ్లమీద లెక్కింపదగిన ధ్వనిమార్గములతోనే కోజి కొండో ఎన్నో దేశముల పిల్లల నోట నిలిచిన బాణీని కూర్చెను. ఆ మితి వారికి అడ్డంకి కాలేదు; అదియే వారి శైలియైనది.

ఈ కథ మనకు పరాయిది కాదు. 1990వ దశకమున మన పట్టణములలోని మధ్యతరగతి ఇండ్లకు ఎక్కువగా వచ్చినవి అసలు ఫ్యామికాములు కావు, వాని నకళ్లు. లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో అవి అమ్ముడైనవి. ఒకే క్యాసెట్టులో 9999 ఆటలు కలవని అట్టమీద అచ్చువేసి, లోపల కొన్ని ఆటలనే పేర్లు మార్చి మరల మరల చూపెడి పెట్టెలు ఆ తరమువారికి చిరపరిచితములు. వేసవి సెలవులలో గంటకు ఇంత అని రొక్కము పుచ్చుకొని ఆడనిచ్చెడి దుకాణములలో కాంట్రా, మారియో, డక్ హంట్ ఆడి పెరిగినవారు నేడు నలువదేండ్లు పైబడి, కొందరు హైదరాబాదులోను, కొందరు సముద్రముల కావలను ఉద్యోగములు చేయుచున్నారు. కాంట్రాలో ముప్పది ప్రాణములను తెచ్చెడి బొత్తాముల వరుస ఏ పాఠశాలయు బోధింపకయే ఊరినుండి ఊరికి నోటిమాటగా వ్యాపించినది. క్యాసెట్ పలుకనప్పుడు నోటితో గట్టిగా ఊది తొడుగుట అందరును పాటించిన ఆచారము. నిజమునకు శ్వాసలోని తేమ ఆ లోహపు పళ్లను క్రమముగా చెరచును, ఆటను మేల్కొలిపినది తీసి మరల తొడుగుటయే. ఆ ఆటలను సృజించినవారి పేర్లు ఆ పిల్లలకు తెలియవు. ఐనను వారి ఊహాలోకమునకు అవి చేసిన దోహదము యథార్థము. నకలు రూపమున వచ్చినంతమాత్రమున అనుభవము నకలు కాదు. కాబట్టి ఈ ఆటల భవిష్యత్తును గూర్చి మాటాడు హక్కు మనకును కలదు.

పాత క్యాసెట్లు దొరకుచుండగా మూలమునకు వచ్చిన ముప్పు ఏమని కొందరు అడుగవచ్చును. ఆ క్యాసెట్ చిరంజీవి కాదు. ‘లెజెండ్ ఆఫ్ జెల్డా’ 1987లో అమెరికాకు వచ్చినప్పుడు, ఆడినంతవరకు జ్ఞాపకముంచుకొనుటకై పెట్టెలో బిళ్లవంటి లిథియం బ్యాటరీని అమర్చిరి. 1999లో జపానున వెలువడిన ‘పోకెమాన్ గోల్డ్’ క్యాసెట్టులో రేయింబవళ్లను లెక్కించు గడియారము సైతము ఆ బ్యాటరీపైననే నడచుచుండుటచే అది మరింత శీఘ్రముగా క్షీణించును. బ్యాటరీ చచ్చిన దినమున, ఒక బాలుడు నెలల తరబడి పెంచుకొన్న పోకెమాన్ల పరివారము జాడలేకుండ పోవును. సోల్డరింగ్ తెలిసినవాడు క్రొత్త బ్యాటరీని అతికింపవచ్చును గాని, పోయిన జ్ఞాపకమును తేలేడు.

మరి కొన్ని ఆటలకు క్యాసెట్ చెక్కుచెదరకున్నను చాలదు. డక్ హంట్ తుపాకి మీట నొక్కగానే తెర ఒక్క క్షణము నల్లబడి, వెనువెంటనే బాతున్న చోట తెల్లని చదరము వెలుగును. తుపాకి గొట్టములోని కాంతిగ్రాహకము ఆ వెలుగును పసిగట్టి, గురి తగిలినదని యంత్రమునకు తెలుపును. ఈ వ్యవస్థ యంతయు పాత గాజుగొట్టపు టీవీ గీసెడి వేగముపై ఆధారపడినది. నేటి పలుచని తెరముందు ఆ తుపాకి నిష్ప్రయోజనము. ఇక ధరల సంగతి: 2021లో, సీలు విప్పని సూపర్ మారియో బ్రదర్స్ పెట్టె ఒకటి ఇరువది లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది. ఆడుటకై చేసిన వస్తువు, విప్పరాని నిధిగా మారిన విపణిని నమ్ముకొని ఒక కళ మనజాలదు. పాత సరకుల అంగడి మనకు ఆనందము నీయగలదు. గ్రంథాలయము చేయవలసిన పనిని అది చేయలేదు.

ఇట్టి స్థితిలో రీమేక్ ఒక సదుపాయమనుటలో సందేహము లేదు. కొన్ని యెడల అది ఉత్తమ కళాసృష్టియు నగును. 1993లో గేమ్ బాయ్ అను చేతియంత్రము కొరకు వెలువడిన ‘లింక్స్ అవేకెనింగ్’, 160 అడ్డు, 144 నిలువు చుక్కల తెరపై, నాలుగు ఛాయలలో ఒక ద్వీపమును సమగ్రముగా నిర్మించినది. ఆయుధముల కొరకు బొత్తాములు రెండే యగుటచే, కత్తియో డాలో మరియొక సాధనమో కావలసినప్పుడెల్ల ఆటను నిలిపి మార్చుకొనవలసి వచ్చెడిది. 2019 నాటి రీమేక్ ఆ ప్రయాసను తొలగించి, ఆ ద్వీపమును బొమ్మల కొలువువలె ముచ్చటగా తీర్చినది. ఆ ద్వీపమంతయు నిద్రించుచున్న ఒక ప్రాణి కనిన స్వప్నమనియు, అది మేలుకొన్న క్షణమున అచ్చటి మనుష్యులు, ఇండ్లు, పాటలు సమస్తము అంతరించుననియు తెలిసియు నాయకుడు ముందునకు సాగవలసి వచ్చుటలోని విషాదము, నాలుగు ఛాయలలో ఎంత గాఢమో నూతన వర్ణములలోను అంతయే గాఢము. క్రొత్త తరము బాలిక ఒకతె దీనిద్వారా ఆ కథను చేరుకొన్నచో సంతోషింపవలసినదే.

ఐనను రీమేక్ మూలమునకు మెరుగు పెట్టిన ప్రతి యని భావించుట పొరపాటు. 1998 నాటి ‘రెసిడెంట్ ఈవిల్ 2’లో, ముందుగా చిత్రించిన దృశ్యములను వెనుక నిలుపవలసి యుండుటచే, కెమెరా ఒక్కొక్క గదిలో ఒక్కొక్కచోట కదలక నిలిచియుండును, అందుచేత మూలమలుపునకు ఆవల వినబడెడి మూలుగు ఎవరిదో కనబడదు, కనబడకపోవుటయే భయమునకు హేతువు. 2019 నాటి రీమేకులో కెమెరా ఆటగాని భుజము వెనుక చేరినది. అందులో భయము చీకటినుండియు, శత్రువు సమీపించుటనుండియు పుట్టును. ‘ఫైనల్ ఫాంటసీ 7’ 1997లో మొదటి కొన్ని గంటలలో దాటిపోయిన మిడ్‌గార్ నగరమును, 2020 నాటి రీమేక్ ఒక సంపూర్ణ గ్రంథముగా విస్తరించినది. ఇవి ఒకే ఇతివృత్తముపై వెలసిన వేర్వేరు కృతులు. మొల్ల రామాయణము వచ్చినదని రంగనాథ రామాయణమును ఎవ్వరును అటకెక్కింపలేదు.

ఆటల ప్రపంచమున జరుగుచున్నది మాత్రము ఆ అటకెక్కించుటయే. మన ఇంటర్‌నెట్ సెంటర్లలో ఒక తరమును ఉఱ్ఱూతలూగించిన ‘జీటీఏ వైస్ సిటీ’, దాని ముందు వెనుకల వచ్చిన ‘జీటీఏ 3’, ‘శాన్ ఆండ్రియాస్’ అను మూడింటికి 2021లో నవీకృత రూపములను వెలువరింపబోవుచు, రాక్‌స్టార్ సంస్థ మూలములను డిజిటల్ అంగళ్లనుండి తొలగించినది. క్రొత్తవి దోషభూయిష్టములుగా వచ్చినవి. శాన్ ఆండ్రియాస్ మూలములో, ఆనాటి యంత్రముల అశక్తతను కప్పుటకు దూరమున పొగమంచు పరచిరి. ఆ మంచు వలననే ఆ ఆటలోని రాష్ట్రము అనంతముగా తోచెడిది. నవీకరణలో మంచు తొలగగా, కొండమీద నిలిచినవానికి ఈ కొసనుండి ఆ కొసకు అంతయు కనబడి, మహాదేశము చిన్న పేటయైనది. లోపమని తొలగించినది కళయని అప్పుడు బోధపడినది. ఆటగాండ్రు నిరసింపగా సంస్థ క్షమాపణ చెప్పి, కంప్యూటరు మూలములను మరల అమ్మకమునకు తెచ్చినది. నిరసన లేకున్నచో ఏమై యుండెడిదో ఊహింపవచ్చును.

ఇది ఒక్కచోటి ముచ్చట కాదు. మూడు మారియో ఆటల సంపుటి నొకదానిని నింటెండో 2020 సెప్టెంబరులో విడుదల చేసి, 2021 మార్చి 31తో అమ్మకము నిలిపివేసినది. 2023 మార్చి 27న ఆ సంస్థయే తన రెండు పాత యంత్రముల డిజిటల్ అంగళ్లలో క్రయమును ముగించినది. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటలలో నూటికి 87 నేడు అమ్మకములో లేవని, వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన అధ్యయనము తెలుపుచున్నది. చందా కట్టి పాత ఆటలను ఆడుకొను సౌకర్యము ఇప్పుడు కలదందురు. నిజమే, కాని చందా ఆగిన మరునాడు ఆటయు ఆగును, జాబితాలో ఏది యుండవలెనో నిర్ణయించునది సంస్థయే. పాత ఆటలు లాభసాటి కావని మరియొక సమాధానము. లాభము లేనిచో, లాభాపేక్ష లేని గ్రంథాలయములకు వాటిని అప్పగించుటకు అభ్యంతర మేమి? 2024 అక్టోబరులో, అంగడిలో దొరకని ఆటలను పరిశోధకులకు దూరమునుండి చూపుటకు గ్రంథాలయములు కోరిన అనుమతిని అమెరికా కాపీరైట్ కార్యాలయము నిరాకరించినది. ఆటల సంస్థల సంఘము ఆ కోరికను ప్రతిఘటించినది. తాము అమ్మరు, ఇతరులను చూపనీయరు. ఈ న్యాయము నాకు బోధపడదు.

మూలము నశించినచో ఏమగునో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో నిర్మించిన మన తొలి మూకీ చిత్రము ‘భీష్మ ప్రతిజ్ఞ’ నేడు చూడ లభింపదు. పేరు మిగిలినది, చిత్రము పోయినది. 1957 నాటి ‘మాయాబజార్’కు 2010లో రంగులద్ది మరల విడుదల చేసినప్పుడు, మెచ్చినవారు కలరు, పెదవి విరిచినవారు కలరు, ఐనను నలుపు తెలుపుల మూలము చూడదలచినవారికి నేటికిని అందుబాటులోనే కలదు కావున, ఆ వాదము ఆరోగ్యకరమైన అభిరుచి వాదముగానే నిలిచినది. మూలము చేతిలో నున్నప్పుడే క్రొత్తదాని గుణదోషములను తూచుట సాధ్యము.

ఆటలలోను ఈ సౌజన్యము అసాధ్యము కాదు. 1989లో సెగా యంత్రముపై వెలువడిన ‘వండర్ బాయ్ 3: ది డ్రాగన్స్ ట్రాప్’ను 2017లో లిజార్డ్‌క్యూబ్ అను చిన్న ఫ్రెంచి బృందము చేతిచిత్రములతో పునర్నిర్మించినప్పుడు, ఒక్క బొత్తామును నొక్కి పాత బొమ్మలకు, మరియొక దానితో పాత ధ్వనులకు ఆడుచుండగనే మరలు వీలు కల్పించినది, ఆనాడు పిల్లలు కాగితములపై వ్రాసికొన్న పాస్‌వర్డులు సైతము ఇందులో పనిచేయును. 2011లో ‘హేలో’ పునర్ముద్రణయు, 2024లో ‘టూంబ్ రైడర్’ తొలి మూడు భాగముల పునర్ముద్రణయు పాత క్రొత్త దృశ్యములను పక్కపక్కనే ఉంచినవి. ఒక చిన్న బృందము చేయగలిగిన దానిని కోట్ల డాలర్ల సంస్థలు చేయజాలవనుట నమ్మదగిన మాట కాదు.

కావున కోరదగినవి మూడు. రీమేకును వెలువరించు ప్రతి సంస్థయు మూలమును అందులోనే గాని, దానితోపాటు విడిగా గాని అమ్మకమునందుంచవలెను. అమ్మకము మానిన ఆటను గ్రంథాలయములు భద్రపరచి, పరిశోధకులకు చూపుటకు చట్టము అనుమతింపవలెను. మన దేశమున 1957 నాటి కాపీరైట్ చట్టమునకు 2012లో జరిగిన సవరణ, డిజిటల్ కాని ప్రతి తమ యొద్ద నున్న గ్రంథాలయములు భద్రత కొరకు దానిని ఎలక్ట్రానిక్ రూపమున దాచుకొనుట కంగీకరించినది. పుట్టుకతోనే డిజిటల్ అయిన ఆటకు ఆ నిబంధన చాలదు, దానిని విస్తరింపవలెను. ఇక మూడవది మన చేతిలోనిది: అటకమీద పాత యంత్రమో క్యాసెట్టో యున్నవారు దానిని తుక్కువానికి అమ్మక, పళ్లను ఆల్కహాలుతో తుడిచి, బ్యాటరీ మార్పించి, ఇంటి పిల్లల చేతికీయవలెను. వారు ఆ పాత ఆటను, క్రొత్త రీమేకును రెండింటిని ఆడి, తమకు నచ్చినదానిని తామే ఎన్నుకొందురు గాక. ఆ ఎన్నిక వారి హక్కు. వారి పక్షమున దానిని ముందే చేసివేయు అధికారము ఏ వ్యాపార సంస్థకును లేదు.