క్లోజ్ చేసిన సమాధి

మన టీముల్లో ఒక అలవాటుంది. ఎంతకీ తేలని బగ్ వస్తే నాలుగు రోజులు కుస్తీ పట్టి, "కెనాట్ రీప్రొడ్యూస్" అని రాసి టికెట్ క్లోజ్ చేసేస్తాం. నేనూ చేశాను, అబద్ధమెందుకు! కానీ ఈమధ్య ఒక సైనికుడి కథ చదివినప్పట్నుంచీ ఆ ముక్క రాయాలంటే చెయ్యి ఆగుతోంది.

అతని పేరు ఆర్థర్ కెల్డర్. ఇంట్లో బడ్ అని పిలిచేవారు. అమెరికా సైన్యంలో వైద్య విభాగంలో మామూలు సిపాయి. 1942లో ఫిలిప్పీన్స్ జపాన్ చేతికి చిక్కినప్పుడు యుద్ధఖైదీ అయ్యాడు. కబనతువాన్ క్యాంపులో పడేశారు. తిండి లేదు, మందుల్లేవు, పైగా మలేరియా, విరేచనాలు. ఆ ఒక్క క్యాంపులోనే 2,500 మందికి పైగా పోయారు. కెల్డర్ 1942 నవంబర్ 19న చనిపోయాడు.

అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. ఆ క్యాంపులో ఏ రోజు పోయినవాళ్ళని ఆ రోజు ఒకే గుంతలో కలిపి పూడ్చేవాళ్ళు. ఎవరు ఏ రోజు పోయారో ఖైదీలే లెక్క రాసిపెట్టారు. చావు అంచున ఉండి కూడా రికార్డు సరిగ్గా ఉంచారు, మనం కోడ్‌కి కామెంట్లు రాయడానికే బద్ధకిస్తాం! కెల్డర్‌ది 717వ నంబరు గుంత. అందులో మొత్తం 14 మంది. యుద్ధం అయ్యాక సైన్యం తవ్వి తీసి నలుగురికి పేర్లు పెట్టింది. మిగతా పదిమందికీ "అన్‌నోన్" అని నంబర్లు వేసి మనీలాలోని అమెరికన్ స్మశానంలో పాతిపెట్టింది.

అంటే పది పేర్లు, పది సమాధులు. రెండు టేబుల్సూ ఉన్నాయి, లేనిదల్లా జాయిన్. పైగా కెల్డర్ పళ్ళకి బంగారం పెట్టించుకున్నాడని ఇంట్లోవాళ్ళకి తెలుసు. "ఎక్స్-816" అని నంబరు వేసిన అస్థికల ఫైల్లో బంగారు పళ్ళ ప్రస్తావన ఉంది. ఈ రెండు కాగితాలూ అరవై ఏళ్ళకి పైగా ఒకదాన్నొకటి చూసుకోలేదు. చివరికి ఆయన బంధువొకాయన పట్టుబట్టి ఫైళ్ళు తిరగేసి రెండూ పక్కపక్కన పెట్టాడు. సమాధి తెరిచి చూడమంటే సైన్యం ఒప్పుకోలేదు. 2012లో కోర్టుకెక్కాడు. 2014లో పది సమాధులూ తెరిచారు. 2015 జనవరిలో కెల్డర్ దొరికాడని ఇంటికి కబురొచ్చింది. పోయిన 72 ఏళ్ళకి!

సైన్యం వాదన కూడా వినాలి. ఒక్కడి కోసం పది సమాధులు తవ్వితే, ఏమీ తేలకపోతే ఏంటి? మిగతా తొమ్మిది కుటుంబాలకి ఏం చెబుతారు? నిజమే. నేను పైన చెప్పినంత నీటుగా కూడా లేదు వ్యవహారం. శవపేటికలు తెరిస్తే ఒకరి ఎముకలు ఇంకొకరి వాటితో కలిసిపోయి ఉన్నాయి. 2015లో పెంటగాన్ ఒక కొలత పెట్టింది. కలిసిపోయిన అస్థికలైతే కనీసం 60 శాతం మందిని గుర్తించగలమన్న నమ్మకం ఉంటేనే తవ్వాలి. కొలత ఉండటం మంచిదే, నేను కాదనను.

నా గొడవల్లా ఒకటే. తవ్వకుండా ఆగడాన్ని ఖర్చులేని పనిలా చూస్తారు. అది తప్పు. పాత ఎముకలకి ఎక్కువగా వాడేది మైటోకాండ్రియల్ డీఎన్ఏ. అది తల్లి నుంచే వస్తుంది. కాబట్టి సైనికుడి సొంత పిల్లల శాంపిల్ పనికిరాదు. అక్కచెల్లెళ్ళూ, వాళ్ళ పిల్లలూ కావాలి. ఆ వరసలో మనుషులు ఏటేటా తగ్గిపోతుంటారు. బంగారు పళ్ళ సంగతి గుర్తున్నవాళ్ళు కూడా పోతారు. ఆ తర్వాత ఫైలు భద్రంగా ఉన్నా దాన్ని చదివి "ఇది మావాడే" అనేవాళ్ళుండరు. మనం ఆగినకొద్దీ డేటా చచ్చిపోతూ ఉంటుంది.

ఇన్నేళ్ళయ్యాక ఎముకలు దొరికితే ఎవరికి లాభం అని మీరడగొచ్చు. 2015 నాటికి ఎదురుచూసిన అమ్మానాన్నలు ఎలాగూ లేరు. కానీ మన ఇళ్ళల్లోనూ మనిషి పోయి శవం దొరక్కపోతే దర్భలతో బొమ్మ చేసి మరీ కర్మ చేస్తారు. ఊరికే వదిలెయ్యడానికి మనసొప్పదు. ఆ అవసరానికి గడువు తేదీ ఉందని నేననుకోను.

మనీలా స్మశానంలో ఆచూకీ దొరకనివాళ్ళ కోసం గోడలు కట్టారు. 36 వేలకు పైగా పేర్లు. ఎవరైనా దొరికితే ఆ పేరు చెరిపెయ్యరు, పక్కన చిన్న రోజాపువ్వు గుర్తు పెడతారు. నాకు బాగా నచ్చింది ఇదే. తెలియనప్పుడు "తెలీదు" అని రాయడంలో తప్పులేదు. దాని పక్కన ఎంతవరకు చూశాం, ఏది చూడకుండా వదిలేశాం అన్నది కూడా రాయాలి. అది రాయకుండా క్లోజ్ చేస్తే, తర్వాత వచ్చేవాడు అంతా వెతికేశారనుకుని వెళ్ళిపోతాడు. కెల్డర్ విషయంలో జరిగింది అదే.

మీ క్యూలో అలాంటివి ఎన్నున్నాయి? నా దాంట్లో మూడు దొరికాయి. మళ్ళీ ఓపెన్ చేశాను.